ఒకే ఒక్క పేజీ: మధ్యయుగపు బంగారు ప్రార్థన పుస్తకంలోని ఒక ఆకుని ఇంట్లో చేసుకోవడం ఎలా

అందరూ చేసే తప్పుతోనే మొదలుపెడతా. ముందు బొమ్మ గీసేస్తారు, రంగులు వేసేస్తారు, అంతా అయ్యాక చివర్లో బంగారు రేకు అతికిద్దాం అనుకుంటారు. నా మొదటి పేజీ నేనూ అలాగే చేశా. రేకు పెట్టాల్సిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా అంటుకుంది, సరే ఏదో ఒకటి అని రాయితో రుద్ది మెరుగు పెట్టబోతే పక్కనున్న ఎరుపు పొరలు పొరలుగా లేచొచ్చేసింది. 600 ఏళ్ల కిందట పారిస్‌లో, ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో ఈ పని చేసినవాళ్ల వరస వేరు అని ఆ తర్వాత తెలిసింది. ముందు గీతలు, తర్వాత రాత, తర్వాత బంగారం, ఆ తర్వాతే రంగు, అన్నిటికన్నా చివర నల్ల అంచు. ఈ గైడ్ కూడా అదే వరసలో వెళ్తుంది, మధ్యలో దూకొద్దు.

మనం చేసేది ఏంటి

బుక్ ఆఫ్ అవర్స్ అంటారు దీన్ని. 13 నుంచి 16వ శతాబ్దం దాకా యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో, ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు), మఠాల్లో ఉండే సన్యాసులు కాకుండా ఇల్లూ సంసారం ఉన్నవాళ్లు సొంత ప్రార్థనకి పెట్టుకున్న పుస్తకం. రోజుని ఎనిమిది వేళలుగా పంచి ఒక్కో వేళకి కొన్ని బైబిల్ కీర్తనలు, ప్రార్థనలు. మాటిన్స్ అనే వేళతో మొదలై కాంప్లిన్ అనే వేళతో అయిపోతుంది. ముందు భాగంలో క్యాలెండర్ ఉంటుంది, పెద్ద పండగల పేర్లు అందులో ఎర్ర సిరాతో రాసేవాళ్లు. ఒక్కో వేళకి ఒక్కో బొమ్మ అలవాటుగా వస్తుంది, మాటిన్స్ దగ్గర గబ్రియేలు దూత మరియమ్మకి శుభవార్త చెప్పడం, ప్రైమ్ అనే వేళ దగ్గర యేసు పుట్టుక, ఇలాగ.

రాజులవే కాదు, ఊళ్లో కాస్త డబ్బున్న వ్యాపారుల ఇళ్లల్లో కూడా ఉండేవి, కాకపోతే బొమ్మలు తక్కువ, బంగారం తక్కువ. పైస్థాయివి చూడాలంటే రెండు చాలు. ఒకటి ఫ్రాన్స్ రాణి జాన్ దెవ్రూ కోసం జాన్ ప్యుసెల్ అనే చిత్రకారుడు 1324-28 ప్రాంతంలో చేసింది, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ల క్లోయిస్టర్స్‌లో ఉంది, ఎత్తు 9 సెంటీమీటర్ల పైన కొంచెం అంతే, అరచేతిలో పట్టేస్తుంది. రెండోది బెర్రీ డ్యూక్ కోసం లింబూర్గ్ అన్నదమ్ములు ముగ్గురు చేసిన ట్రే రిష్ అర్ అనే పుస్తకం, ఫ్రాన్స్‌లోని షాంటిలీలో ఉంది. 1416లో డ్యూక్ పోయాడు, ఆ ముగ్గురూ అదే ఏడాది పోయారు, పుస్తకం సగంలో ఆగిపోయింది, మిగతాది 1480ల్లో జాన్ కొలోంబ్ అనే ఆయన చేశాడు.

మనం అంత దూరం పోవట్లేదు. మాటిన్స్ మొదటి పేజీ ఒకటి చేద్దాం, బొమ్మ లేకుండా, పెద్ద మొదటి అక్షరం, కింద రాత, చుట్టూ తీగల అంచు. ఆ పేజీ "దోమినే లాబియా మెయా అపెరియెస్" అని మొదలవుతుంది, ప్రభువా నా పెదవులు తెరువు అని అర్థం, కీర్తనల్లోదే. కాబట్టి మన పెద్ద అక్షరం లాటిన్ డి. లోపల ఖాళీ ఉన్న గుండ్రటి అక్షరం, మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకన్నా మంచిది దొరకదు.

తోలు

వాళ్లు రాసింది కాగితం మీద కాదు, దూడ, గొర్రె, మేక తోలు మీద. తోలుని సున్నపు నీళ్లలో చాలా రోజులు నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చెక్క చట్రానికి లాగి కట్టేవాళ్లు. కట్టడం కూడా ఊరికే కాదు, అంచుకి చిల్లు పెడితే లాగినప్పుడు చిరుగుతుంది కదా, అందుకని తోలు అంచులో చిన్న గులకరాయి పెట్టి దాని చుట్టూ మడిచి అక్కడ తాడు ముడేసేవాళ్లు. తడిగా ఉండగానే నెలవంక ఆకారం కత్తితో గీకుతూ, ఆరుతున్నకొద్దీ తాళ్లు ఇంకా బిగిస్తూ, మళ్లీ గీకుతూ. చెప్పులకీ బ్యాగులకీ వాడే తోలులాగా ఊనరు (టానింగ్ చేయరు) దీన్ని, బిగువు మీద ఆరబెట్టడమే అసలు సంగతి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు దయచేసి ఇది ట్రై చేయకండి, వాసనకి కింది ఫ్లోర్ వాళ్లు పైకొస్తారు. మనకి దీనికి బాగా దగ్గరి వస్తువు తోలుబొమ్మల మేకతోలు, నిమ్మలకుంట వైపు బొమ్మలు చేసేవాళ్లు వాడేది. కాకపోతే బొమ్మలకి దీపం వెలుగు అవతలికి కనపడాలి కాబట్టి వాళ్ల తోలు పారదర్శకంగా ఉంటుంది, పుస్తకపు తోలు తెల్లగా, మసకగా ఉండాలి, వెనక పేజీ రాత ఇటు కనపడకూడదు. నేను ఒక ముక్క తెప్పించుకుని సుద్దపొడి, ప్యూమిస్ రాయి (నురగరాయి) పొడి కలిపి రెండు వైపులా ఓపిగ్గా రుద్దా, ఒక పేజీకి సరిపోయేంత తెల్లబడింది. అదీ కుదరకపోతే 300 జీఎస్ఎం హాట్ ప్రెస్ కాటన్ పేపర్ తెచ్చుకోండి, నున్నగా ఉండేదే, గరుకుది ఈ పనికి రాదు.

తోలే అయితే ఏ వైపు ఏదో చూసుకోండి. వెంట్రుకలున్న వైపు కొంచెం పసుపుగా, సన్న చుక్కలతో ఉంటుంది, మాంసం వైపు తెల్లగా ఉంటుంది. పాత పుస్తకాల్లో ఎదురెదురు పేజీలు రెండూ ఒకే వైపువి వచ్చేలా మడిచేవాళ్లు, తెరిచినప్పుడు రంగు తేడా కొట్టకుండా. రాసే ముందు ప్యూమిస్ పొడి ఇంకోసారి లైట్‌గా రుద్ది దులిపేయండి, జిడ్డు పోతుంది. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు, అరచేయి కింద ఎప్పుడూ ఒక కాగితం ముక్క ఉండాలి, ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా నేనే మర్చిపోతా.

గీతలు

పేజీ 18 సెంటీమీటర్ల ఎత్తు, 13 వెడల్పు తీసుకోండి. లోపలి మార్జిన్ 18 మిల్లీమీటర్లు, పైన 24, బయటివైపు 36, కింద 48. కింద ఇంత ఖాళీ ఎందుకు అంటే పుస్తకం పట్టుకునేది అక్కడే, తీగలు పాకేదీ అక్కడే. మిగిలిన రాత చోటు 76 వెడల్పు 108 ఎత్తు, 9 మిల్లీమీటర్లకి ఒక గీత అనుకుంటే 12 లైన్లు వస్తాయి.

అంచుల్లో సూదితో చుక్కలు పొడిచి వాటిని కలుపుతూ గీతలు గీసేవాళ్లు. 12వ శతాబ్దానికి ముందు ఎక్కువగా మొనతో నొక్కి గీసిన గీతలే, తర్వాత సీసపు పుల్ల వచ్చింది, బుక్ ఆఫ్ అవర్స్ కాలానికి పల్చటి గులాబీరంగు సిరాతో గీసినవి బోలెడు కనపడతాయి. పని అయ్యాక ఎవరూ చెరపలేదు. ఇప్పటి క్యాలిగ్రఫీ వాళ్లు గీతలు రబ్బరుతో తుడిచేసి పేజీ నీట్‌గా ఉంది అంటారు, నాకైతే గీతలు పోయాక పేజీ ఖాళీ గోడలాగా అనిపిస్తుంది, ఉంచేయండి.

సిరా

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇందులో సరుకంతా మన మూలికల కొట్లో దొరుకుతుంది. ఓక్ చెట్టు మొగ్గలో ఒకరకం చిన్న కందిరీగ గుడ్డు పెడితే చెట్టు దాని చుట్టూ గట్టి ఉండ కడుతుంది, అందులో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. దాన్నే మనం మాచికాయ అంటాం. దానికి అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, తోడైతే నలుపు పుడుతుంది. చిక్కదనానికి తుమ్మబంక.

కొలత 3:2:1 పెట్టుకోండి, అంటే మాచికాయ 30 గ్రాములు, అన్నభేది 20, తుమ్మబంక 10, నీళ్లు ఒక పావు లీటరు. మాచికాయలు కొనేటప్పుడు చిల్లు లేనివి ఏరుకోండి, చిల్లుందంటే పురుగు బయటికెళ్లిపోయిందని, అందులో సత్తువ తక్కువ. రోట్లో కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు పోసి గాజు సీసాలో ఒక వారం వదిలేయండి, తొందరుంటే సన్నమంట మీద గంటసేపు మరగబెట్టండి. గుడ్డలో వడకట్టి ఆ డికాషన్‌లో అన్నభేది వెయ్యగానే చూస్తుండగానే నల్లబడుతుంది, పిల్లలకి చూపిస్తే నోరెళ్లబెడతారు. తర్వాత నానిన బంక కలపండి. స్టీలు, ఇనుప గిన్నెలు వాడొద్దు.

ఒక మాట, అన్నభేది లేత ఆకుపచ్చగా ఉంటుంది. నేను వెళ్లిన కొట్లో మైలుతుత్తం కట్టిచ్చారు, నీలంగా ఉంటుంది అది, కాపర్ సల్ఫేట్, ఇంటికొచ్చి కలిపితే బురద రంగు తప్ప ఏమీ రాలేదు. పొట్లం విప్పి రంగు చూసుకుని తీసుకోండి. ఇంకోటి, ఇంకా నల్లగా రావాలని అన్నభేది ఎక్కువ వేస్తే సిరా కొన్నాళ్లకి పేజీనే తినేస్తుంది. అక్షరాల మేర చిల్లులు పడ్డ పాత పుస్తకాలు లైబ్రరీల్లో ఉన్నాయి.

రాసినప్పుడు ఈ సిరా పల్చగా బూడిదరంగులో ఉంటుంది, కంగారు పడకండి, గాలి తగిలి ఒక రోజులో నల్లగా దిగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసే కసిం కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగా తేలడం చూశారా, కెమిస్ట్రీ అచ్చంగా ఇదే, అక్కడ టానిన్ కరక్కాయది, ఇక్కడ మాచికాయది.

ఈక, రాత

వాళ్లు పెద్ద బాతు, హంస రెక్కల్లో పొడుగు ఈకలు వాడేవాళ్లు, కుడిచేత్తో రాసేవాళ్లకి ఎడమ రెక్క ఈక, అప్పుడు దాని వంపు చేతికి అడ్డం రాకుండా బయటికి తిరుగుతుంది. మన చెరువు బాతుల ఈకలు మరీ సన్నం, టర్కీ కోడి ఈక దొరికితే చక్కగా పనికొస్తుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మూకుట్లో వేడిచేసిన ఇసుకలో కాడ గుచ్చి కొన్ని సెకన్లు ఉంచితే గట్టిపడి గోరులాగా అవుతుంది. ఏటవాలుగా కోసి, మధ్యలో చిన్న చీలిక పెట్టి, మొన అడ్డంగా 1 మిల్లీమీటరు వెడల్పు ఉండేలా కొట్టేయండి. పక్కకున్న వెంట్రుకలన్నీ పీకేయండి, సినిమాల్లో చూపించే కుచ్చు ఈకతో ఎవరూ రాయలేదు, కంట్లో పొడుచుకుంటుంది.

లిపి టెక్స్‌టూరా, నిలువు కమ్మీలు వరసగా నిలబెట్టినట్టుంటుంది. మొనని 40-45 డిగ్రీలు వంచి పట్టుకోండి, అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లు, అంటే మొన వెడల్పుకి నాలుగింతలు. పెద్ద డి కోసం ఎడమవైపు పైన నాలుగు లైన్ల ఎత్తు చోటు వదిలేయండి. లేఖరి కూడా అంతే చేసేవాడు, అక్కడ ఏ అక్షరం రావాలో మూలన చిన్నగా రాసి పెట్టి పోయేవాడు, బంగారం వేసేవాడు వేరే మనిషి. కుడిచేతిలో ఈక, ఎడమ చేతిలో కత్తి, ఆ కత్తితోనే తోలు లేవకుండా నొక్కిపట్టేది, తప్పు పోతే గీకేసేదీ దానితోనే. కాగితం మీద గీకుడు కుదరదు, తప్పు పోతే పోయినట్టే.

బంగారం

ఇక్కడ నిదానంగా చేయాలి. రేకు అతుక్కోడానికి కింద ఒక పొర కావాలి, రెండు రకాలుంటాయి.

అసలైనది జెస్సో, ఉబ్బెత్తుగా ఉండే పొర. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని బోలెడు నీళ్లలో పోసి గట్టిపడకుండా గంటసేపు కలుపుతూనే ఉండి, తర్వాత రోజూ నీళ్లు మారుస్తూ నెల రోజులు ఉంచితే వెన్నలాగా మెత్తబడుతుంది. అది 8 పాళ్లు, సీసపు తెలుపు 3, పంచదార 1, చేప జిగురు 1, రంగుకి చిటికెడు ఎర్రమట్టి. సీసం విషం, దాని బదులు టైటానియం తెలుపు వేసుకోండి, కొంచెం తేడా ఉంటుంది గానీ ప్రాణం ముఖ్యం. పంచదార ఎందుకంటే అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమే రేకుని పట్టుకుంటుంది.

మొదటిసారికి నేను చెప్పేది రెండో రకం, గమ్ అమ్మోనియాక్. ఇరాన్ వైపు మొక్క బంక, వాళ్లూ వాడారు. హైదరాబాద్‌లో యునాని మందుల షాపుల్లో ఉషక్ అని అడగండి. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాలలాగా అవుతుంది, పాత సన్న గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఎక్కడ పూశారో కనపడటానికి చుక్క ఎరుపు కలిపి ముందే పల్చగా గీసి పెట్టుకున్న డి అక్షరం మీద, అంచులోని ఆకుల మీద కుంచెతో పూయండి. అదీ దొరక్కపోతే వెల్లుల్లి రసం పిండి వాడండి, నిజంగానే వాడేవాళ్లు, ఇల్లంతా పచ్చడి నూరినట్టు ఉంటుంది అంతే.

ఆరాక, ఫ్యాన్ ఆపేయండి. ఏసీ కూడా. రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు, ఊపిరికే ఎగిరిపోతుంది. 23 క్యారెట్ల లూజ్ లీఫ్, అంటే విడి రేకులు, కొనండి. తంజావూరు పెయింటింగ్ రేకు దీనికన్నా మందం, ఊపిరి ఆవిరితో అతికించే మన పద్ధతికి సరిగ్గా కూర్చోదు, ఇక ఇమిటేషన్ గోల్డ్ అనేది ఇత్తడి, ఇలా సరిగ్గా అంటదు, నల్లబడుతుంది కూడా. వాళ్లకి రేకు బంగారు నాణేలు సాగగొట్టి చేసిందే. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు తన పుస్తకంలో, ఒక డుకాట్ నాణెం నుంచి 145 రేకులు తీస్తున్నారు, మీరు మాత్రం వంద తీసినవే తీసుకోండి అని రాశాడు. రేకు సాగగొట్టడం చూడాలంటే చార్మినార్ వైపు మిఠాయిల వెండి వరఖ్ కొట్టేవాళ్లని చూడండి, పొరల మధ్య పెట్టి సుత్తితో కొడుతూనే ఉంటారు, పద్ధతి అదే కోవలోది.

కాగితంతో సన్న గొట్టం చుట్టుకుని పొర మీద రెండు మూడుసార్లు వెచ్చటి ఊపిరి వదలండి, ఊదడం కాదు, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు హా అని. వెంటనే రేకు వాల్చి, పైన పట్టు కాగితం (పట్టులాగా నున్నటి పల్చటి కాగితం) పెట్టి వేలితో నొక్కండి. అంటకపోతే మళ్లీ ఊపిరి, మళ్లీ రేకు. మే నెల మధ్యాహ్నం తెలంగాణలో ఈ పని అవ్వదు, తెల్లవారుజామున లేదా వానాకాలంలో పెట్టుకోండి, తేమే మన జిగురు. అరగంట ఆగి మెత్తటి కుంచెతో అదనపు రేకు దులిపి, పట్టు కాగితం మీద నుంచే అగేట్ రాయితో నెమ్మదిగా రుద్దండి. ఆ రోజుల్లో కర్రకి బిగించిన కుక్క పన్ను వాడేవాళ్లు. జెస్సో పొర అయితే తర్వాత నేరుగా రేకు మీదే రుద్దొచ్చు, అద్దంలాగా మెరుస్తుంది. అమ్మోనియాక్ మీద అంత మెరుపు రాదు, ఆశ పెట్టుకోకండి.

రంగులు

ఇప్పుడే రంగు. వాళ్ల రంగుల పేర్లు వింటే సగం మనకి తెలిసినవే. ఎరుపుకి ఇంగిలీకం, ఇంకా నారింజ ఎరుపుకి సీసపు సింధూరం, దీన్ని లాటిన్‌లో మినియం అంటారు, మినియేచర్ అన్న మాట అందులోంచే వచ్చింది, చిన్నది అన్న అర్థం తర్వాత అంటుకుంది. పసుపుకి హరిదళం. ఆకుపచ్చకి రాగి చిలుము. గులాబీ ఎరుపులకి మన దేశం నుంచి వెళ్లిన లక్క. వీటిలో ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్, సింధూరంలో సీసం, కాబట్టి చదువుకోవడం వరకే, పొడులు ఇంటికి తేవద్దు. గౌష్ (నీళ్లతో కలిపే చిక్కటి రంగులు) ట్యూబుల్లో ఆ పేర్లకి దగ్గరి రంగులు వస్తాయి. నాలుక మీద కుంచె మొన సాఫు చేసుకునే అలవాటుంటే మానేయండి. జర్మనీలో డాల్‌హైమ్ దగ్గర సుమారు వెయ్యేళ్ల కిందటి మఠం సమాధుల్లో ఒక స్త్రీ పళ్ల గారలో నీలం రేణువులు దొరికాయని 2019లో బయటపెట్టారు, బహుశా కుంచె నోట్లో పెట్టుకునే చిత్రకారిణి అయ్యుంటుందని పరిశోధకుల మాట. ఈ పని మగవాళ్లదే అనుకున్నవాళ్లకి కూడా అదొక జవాబు.

ఆ నీలమే అసలు కథ. ఆఫ్ఘనిస్తాన్‌లో బదఖ్షాన్ గనుల రాయి, లాపిస్ లజులి. ఊరికే నూరితే బూడిదరంగు వస్తుంది, అందుకని పొడిని తేనెమైనం, దేవదారు జాతి చెట్ల బంక, మాస్టిక్ అనే ఇంకో బంక కలిపిన ముద్దలో పెట్టి రోజుల తరబడి ఉంచి, బూడిద నీళ్లలో పిసికితే నీలం రేణువులు మాత్రం కిందికి దిగుతాయి. మొదటి పిసుకుడుది గొప్పది, తర్వాతవి వెలిసిపోతూ వస్తాయి. బంగారంతో పోటీ పడే ధర, అందుకే మరియమ్మ కొంగుకి దాచి వాడేవాళ్లు, మిగతా ఆకాశాలకి చవకైన అజురైట్ అనే ఇంకో నీలి రాయి. 1820ల్లో ఫ్రాన్స్‌లో దీన్ని ఫ్యాక్టరీలో చేయడం వచ్చేసింది, తర్వాత అది బట్టల నీలిమందు అయింది. మన అమ్మమ్మల రాబిన్ బ్లూ పొడి ఆ అల్ట్రామెరీనే, ఉజాలా మాత్రం కాదు, అది వేరే డై. గౌష్‌లో అల్ట్రామెరీన్ కొనుక్కోండి, ధర చూసి నవ్వుకోండి.

పొడి రంగు వాడేవాళ్లు కలపడానికి గ్లేర్ చేసుకోవచ్చు. గుడ్డు తెల్లసొన ముద్దగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి మూతపెట్టి రాత్రంతా ఉంచితే అడుగున నీళ్లలాంటిది తేరుతుంది, అదే. బుడగలు పోవడానికి చెవిలో గులిమి కొంచెం వేయమని పాత వంటకాల్లో ఉంది, నేను వేయలేదు.

వేయడం ఇలా. డి అక్షరం బంగారం కదా, దాని లోపలి చోటు నీలం, బయటి చతురస్రం గులాబీ, లేదా తిప్పి వేయండి, ఫ్రెంచి పేజీల్లో ఈ రెండు రంగులు ఒకదానికొకటి ఎదురుగా మారుతూ ఉంటాయి. ముందు మధ్యరకం రంగు సమంగా పరచండి, పెరుగులో నీళ్లు కలిపినంత చిక్కగా. ఆరాక నీడల్లో ముదురు రంగు, సన్న సన్న గీతలుగా, కలిపి పూయొద్దు. ఆ తర్వాత నీలం మీద, గులాబీ మీద జుట్టంత సన్నటి తెల్ల తీగలు, చుక్కలు. ఈ తెలుపు పడగానే పేజీ లేచి కూర్చుంటుంది, అప్పటిదాకా ఏం చేస్తున్నానా అనిపిస్తుంది.

వరసకి ఒక మినహాయింపు ఉంది, చిప్ప బంగారం. బంగారాన్ని పొడి చేసి బంకలో కలిపి ఆల్చిప్పలో ఉంచుకునే రంగు, అది మాత్రం రంగుల మీద చివర్లో వేయొచ్చు. 1470ల తర్వాత బ్రూజ్, ఘెంట్ వాళ్లు ఈ బంగారంతో అంచు మొత్తం నింపి దాని మీద పూలు, ఈగలు, సీతాకోకలు నిజంగా వచ్చి వాలినట్టు నీడలతో సహా వేశారు. మనది అంతకు ముందటి పారిస్ పద్ధతి, ఈకతో గీసిన సన్న నల్ల తీగ, దానికి చిన్న చిన్న బంగారు ఐవీ ఆకులు.

చివరిగా నల్ల సిరా పల్చన చేసి బంగారం చుట్టూ అంచు గీయండి, డి చుట్టూ, ప్రతి ఆకు చుట్టూ. రేకు అంచులు ఎంత చిరిగి ఉన్నా ఈ గీత అన్నిటినీ కప్పేస్తుంది. చెయ్యి వణికితే ఆగి, టీ తాగొచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

ఒక రోజు ఆరనివ్వండి. తోలు గాలిలో తేమకి ఉబ్బి మెలికలు తిరుగుతుంది, కోస్తా వైపు మరీను, ఆ పుస్తకాలకి ఓక్ చెక్క అట్టలు, లోహపు కొక్కేలు పెట్టింది సోకుకి కాదు, నొక్కి ఉంచడానికే. మన పేజీకి పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య ఉంచి, పైన నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టండి. ఫ్రేమ్ కట్టిస్తే గాజు బంగారానికి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టమని షాపువాడికి చెప్పండి, చెప్పకపోతే పెట్టరు.